ఖాళీ స్థలం

మా అమ్మాయి ఇల్లు కొనుక్కుంటానంది. అమెరికాలో ఇల్లు కొనడం మన దేశంలో పట్టుచీర కొన్నంత సులువని అంతవరకూ మావారి నమ్మకం. చీరైతే నాలుగు కొట్లు ఎక్కి దిగితే దొరుకుతుంది. రెండేళ్ళ క్రితం మేం టూసాన్‌లో ఉన్న ఆరునెలల్లో ఆ ఇంటి కోసం పదకొండు శనివారాలు తిరిగాం. పదకొండో శనివారానికి మావారు కారు దిగడం మానేశారు.

టూసాన్ అన్నది అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఊరు. చుట్టూ సొనోరా ఎడారి. ఎడారంటే ఇసకా, ఒంటెలూ, నీళ్ళు లేక నాలిక పిడచకట్టుకుపోవడమూ అని కదా మన చిన్నప్పటి వాచకాల్లో చదువుకున్నది! తీరా చూస్తే ఈ ఎడారి ఆకుపచ్చగా ఉంది. ఒంటె ఒక్కటీ లేదు. కొండవాలంతా నిలువెత్తు జెముడు స్తంభాలు, చేతులు పైకెత్తి దణ్ణం పెడుతున్నట్టు. మే నెల కావడం వల్ల ఒక్కో దాని నెత్తిన తెల్లటి పూల కిరీటం. ఆ పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. ఈలోగా రాత్రి గబ్బిలాలూ, పగలు పావురాలూ, తేనెటీగలూ వచ్చి తమ పని చూసుకుంటాయి.

సరే, ఇళ్ళ సంగతికి వస్తాను. ఊరి చివర ఒక కంపెనీవాళ్ళు కొత్తగా కాలనీ వేస్తున్నారు. చూడడానికి ఒక నమూనా ఇల్లు కట్టి, అందులో పళ్ళెంలో మైనపు మామిడిపళ్ళతో సహా అన్నీ అమర్చి ఉంచారు. వంటింటి మధ్య పెళ్ళి భోజనాల బల్లంత రాతిగట్టు. మా అల్లుడు ఫోనులో దిక్సూచి పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఇటూ అటూ తిరిగాడు. "తూర్పే అత్తయ్యా" అన్నాడు, లాటరీ తగిలినట్టు. మా అమ్మాయి మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"ఇది మీ గది అమ్మా. ఇక మీరొస్తే హాల్లో సోఫా మీద పడుకోనక్కర్లేదు" అంది.

అబద్ధమెందుకు, నా కళ్ళు చెమ్మగిల్లాయి. పదేళ్ళుగా దాని బతుకంతా రెండు గదుల అద్దెవాటాల్లోనే సాగుతోంది. ఆ గదికి పెద్ద కిటికీ, కిటికీ నిండా ఎడారి, అవతల కొండలు.

ఇళ్ళు చూపించే అమ్మాయి గర్వంగా చెప్పింది, "వెనకంతా ఖాళీ స్థలమేనండీ" అని. ఆ ఊపిరిలోనే, "వచ్చే ఏడాది రెండో విడత ఇళ్ళు అక్కడే వస్తాయి, ఇప్పుడు కొంటే ధర కలిసొస్తుంది" అని కూడా చెప్పింది.

"అప్పుడు ఈ కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?" అని అడిగాను.

"పక్కింటి గోడ" అందా పిల్ల, ఏమీ దాచుకోకుండా.

ఆ "ఖాళీ స్థలం" అన్న మాట దగ్గరే నా మనసు చిక్కుకుంది. దానికి కారణం మా అమ్మాయి అద్దెవాటా పక్కనుండే ఒకావిడ. డెబ్భై దాటిన మనిషి, రిటైరైన స్కూలు టీచరు. పొద్దున్న అయిదింటికి, ఎండ ముదరక ముందే, కర్ర పట్టుకుని కొండవాలుకి నడుస్తుంది. నాకూ తెల్లారకుండా లేచే అలవాటు కదా, తోడు వెళ్ళేదాన్ని. నా ఇంగ్లీషుకి ఆవిడ నవ్వేది కాదు, ఆవిడ వేగానికి నేను ఆయాసపడేదాన్ని. స్నేహం కుదిరిపోయింది.

ఆ జెముడు పేరు ఆవిడే పలికించింది, సవారో అని. సొనోరా ఎడారిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దానంతటది మొలవదుట. పుట్టిన ఎనిమిది పదేళ్ళకి అది ఎంతుంటుందనుకున్నారు? అంగుళం, అంగుళంన్నర. మొదటి చెయ్యి మొలవడానికి యాభై నుంచి డెబ్భై అయిదేళ్ళు, కొన్నిటికి నూరేళ్ళు. నూట యాభై ఏళ్ళకు పైగా బతుకుతుంది. అంటే ఐదారు చేతులతో నిలబడ్డ సవారోని చూశామంటే, అది మొలిచిన నాటికి మన ముత్తాతలు లాగూలు తొడుక్కుంటున్నారన్నమాట. దాని ఒంటి మీద నిలువునా మడతలుంటాయి, అచ్చం చీర కుచ్చిళ్ళే. వాన పడ్డప్పుడు ఆ కుచ్చిళ్ళు విచ్చుకుని కాండం నీళ్ళతో ఉబ్బుతుంది. ఎండాకాలమంతా ఆ నీళ్ళు వాడుకుని మళ్ళీ ముడుచుకుంటుంది. వేళ్ళు లోతుకి పోవు. కొన్ని అంగుళాల లోతునే, తానెంత ఎత్తో అంత దూరం చుట్టూ పాకుతాయి.

పిల్ల సవారో ఒంటరిగా బతకలేదు. పాలోవెర్దే అనో, ఐరన్‌వుడ్ అనో చెట్లుంటాయి. వాటి నీడలో పెరుగుతుంది. అలాంటి చెట్టుని వాళ్ళు దాదిచెట్టు అంటారు. పెద్దయ్యాక దాని కాండంలో వడ్రంగిపిట్ట తొర్ర చేస్తుంది. చెట్టు ఊరుకోకుండా ఆ గాయం చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. సవారో చచ్చి కుళ్ళిపోయినా ఆ తొర్ర మాత్రం బూటు ఆకారంలో మిగిలి ఉంటుంది. ఆవిడ ఇంట్లో అలాంటిదొకటి బల్ల మీద చూశాను. వడ్రంగిపిట్ట ఖాళీ చేసిన ఇంట్లోకి చిట్టి గుడ్లగూబలు దిగుతాయి. అద్దె లేదు, అడ్వాన్సు లేదు.

గుడ్లగూబ అంటే గుర్తొచ్చింది. మనవైపు ఇంటి మీద గూబ వాలిందంటే శాంతి చేయించేవారు, కొందరైతే ఇల్లే ఖాళీ చేసేవారు. టూసాన్‌లో కథ తిరగబడింది. అక్కడ పిగ్మీ గుడ్లగూబ అనే ఒక జాతి ఉంది. పట్టుమని ఏడంగుళాలుండదు, బరువు డెబ్భై గ్రాములకి అటూ ఇటూ. 1997లో ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చింది. సరిగ్గా అది కాపురముండే వాయవ్య దిక్కునే ఊరు ఉరుకులు పరుగులుగా పెరుగుతోంది. ఇళ్ళు కట్టేవాళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. సరిహద్దు అవతల మెక్సికోలోనూ ఈ పక్షి ఉండగా అరిజోనాలోని కొద్దిపాటికి ఇంత ప్రాముఖ్యమేమిటని వాదం. 2006లో పేరు కొట్టేశారు. 2023లో మళ్ళీ చేర్చారు. ఇంట్లో అత్తాకోడళ్ళ తగువులో తలుపు తీసి వేసినట్టు!

కాని ఆ తగువులో ఒక మంచి పని జరిగిపోయింది. గూబ ఒక్కదాని గురించి ఇంటింటికీ పేచీ పడే బదులు, అసలు ఏ నేల వదిలెయ్యాలో, ఏ నేల మీద కట్టుకోవచ్చో ముందే గీత గీసుకుందామని పీమా కౌంటీవాళ్ళు 1998లో సొనోరా ఎడారి సంరక్షణ ప్రణాళిక మొదలుపెట్టారు. 2001లో పటం సిద్ధం చేశారు. వాగుల ఒడ్డున అయితే నూటికి తొంభై అయిదు వంతులు, జీవాలు ఎక్కువగా ఉన్న ముఖ్యమైన చోట్ల ఎనభై వంతులు ముట్టుకోకుండా వదలాలన్నది అందులో లెక్క. 2004లో ఓట్లు పెడితే, ఇలాంటి భూములు కొని కాపాడడానికి 17 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు తేవడానికి జనం సరేనన్నారు. ఆ అప్పు తీర్చేది ఎవరు? ఆ జనమే, ఇంటి పన్నులో. మా పక్కావిడ ఆ వోటు వేసినందుకు ఇప్పటికీ గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతుంది.

అయితే ఆ లెక్కలో ఒక కిటుకుంది. స్థలం యజమాని తన భూమిని మరో తరగతికి మార్చమని కౌంటీని అడిగినప్పుడే అది వర్తిస్తుంది. ఇళ్ళకి ఎప్పుడో అనుమతి ఉన్న భూమైతే పాత హక్కు పాతదే.

మేం చూసిన కాలనీ వెనక స్థలం అలాంటిదేనని తర్వాత తెలిసింది. ఒకరోజు పక్కావిడా నేనూ ఆ దారినే వెళ్ళాం. చెట్లకి రిబ్బన్లు కట్టి ఉన్నాయి, మూడు రంగులవి. పండగేమో అనుకునేలా ఉంది. ఒక రంగు ఉన్నచోటే ఉంచేవాటికి, ఒక రంగు పెళ్ళగించి మరో చోట నాటేవాటికి, మూడోది కొట్టేసేవాటికి. ప్రతి సవారోకీ ఒక నంబరు బిళ్ళ కూడా ఉంది.

"సవారోని ముట్టుకుంటే జైలట కదా?" అన్నాను, ఎక్కడో విని.

ఆవిడ వివరంగా చెప్పింది. అరిజోనాలో చెట్ల చట్టం 1929 నాటిది. పరాయి స్థలంలోంచి సవారో దొంగిలించినా, పాడుచేసినా పెద్ద నేరం. కాని సొంత స్థలంలో ఉన్నదాన్ని, వ్యవసాయ శాఖకి ఇరవై నుంచి అరవై రోజుల ముందు కాగితం రాసిచ్చి, తియ్యవచ్చు. టూసాన్ లాంటి ఊళ్ళు పైనుంచి మరికొన్ని నిబంధనలు పెట్టాయి గనకే ఈ లెక్కలూ, ఈ రిబ్బన్లూను.

నాటడంలో ఒక విశేషముంది, మా అల్లుడికి చెబితే తబ్బిబ్బయిపోయాడు. సవారోకి కూడా వాస్తు ఉంది! పెళ్ళగించే ముందు దాని ఏ వైపు దక్షిణానికి ఉండేదో గుర్తు పెడతారు. నాటేటప్పుడు ఆ వైపే మళ్ళీ దక్షిణానికి పెట్టాలి. ఏళ్ళ తరబడి ఎండకి కాగి దక్షిణం వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. ఉత్తరం వైపుది లేతది. తిప్పి నాటారో, కాలి బొబ్బలెక్కుతుంది. చేతులు మొలవని చిన్నవాటిని నాటితే బతకడానికి అవకాశం బాగానే ఉంటుంది. ఎత్తయినవి, చేతులున్నవి చాలావరకు దక్కవు. అదీ వెంటనే తెలియదు. ఒంట్లో దాచుకున్న నీళ్ళతో, తిండితో అది పచ్చగానే నిలబడి ఉంటుంది. చచ్చిపోయిన సంగతి బయటపడడానికి ఐదేళ్ళయినా పట్టవచ్చు. అప్పటికి బిల్డరు మరో ఊళ్ళో కాలనీ వేస్తూ ఉంటాడు.

తోహోనో ఓధమ్ అనే అక్కడి ఆదివాసులు సవారోల్ని చెట్లుగా చూడరు, మనుషులుగా చూస్తారు. ఎండాకాలంలో, వానలు పడబోయే ముందు, ఎండిన సవారో ఈనెలతోనే పొడుగు గడలు చేసి పైనున్న పళ్ళు రాలుస్తారు. ఎర్రటి గుజ్జు, గసగసాల్లాంటి గింజలు. ఆ గుజ్జు మరగబెట్టి, వడగట్టి, తేనెపాకంలా చేస్తారు. మా పక్కావిడ దోసెడంత సీసాలో పెట్టిచ్చింది. నేను దాన్ని దోసెల మీద వేసి పెడితే మనవడు రెండు రోజుల్లో ఖాళీ చేశాడు. వానల కోసం చేసే వాళ్ళ పండగ ఆ పళ్ళతోనే. ఆ వంట వంశపారంపర్యంగా వస్తోంది. ఐదారు చేతుల చెట్టుని పెళ్ళగిస్తే, దాని కింద గడ పట్టుకుని నిలబడ్డ తరాల జ్ఞాపకాలకి ఏ రంగు రిబ్బను కడతారో నాకు తెలియలేదు.

జులైలో తొలి వాన పడింది. అబ్బ, ఆ వాసన! క్రియోసోట్ అనే తుప్ప తడిస్తే వచ్చే వాసన అది, మన మట్టివాసనకి కర్పూరం కలిపినట్టు. ఆ సాయంత్రం కాలనీ రోడ్డు పక్కన ఒక తాబేలు నడిచి వెళుతోంది. మనవడు "అమ్మమ్మా, కూర్మావతారం!" అంటూ పరిగెత్తి ఎత్తబోయాడు. పక్కావిడ అరిచిన అరుపుకి నేను అదిరిపడ్డాను.

ఆ ఎడారి తాబేలు వాన నీళ్ళు తాగి మూత్రాశయంలో దాచుకుంటుంది. ఆ నీళ్ళతో దాదాపు ఏడాదిదాకా గడిపేయగలదు. భయపడితే ఒక్కసారిగా వదిలేస్తుంది. మనం ముద్దు చేస్తున్నామనుకుని ఎత్తుకుంటే దాని ఏడాది నీళ్ళూ మన చీర మీద పోసి, తర్వాత అది ఎండకి చచ్చిపోవచ్చు. మన శ్రీకూర్మం గుళ్ళో తాబేళ్ళకి ఆకులు పెట్టి దణ్ణం పెట్టిన చెయ్యి నాది. అందుకని ఒక్క అడుగు వెనక్కి వేసి, అది రోడ్డు దాటేదాకా మేం ముగ్గురం కాపలా కాశాం. ఇరవై నిమిషాలు పట్టింది. వెనకాల ఆగిన కారతను ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు, పాపం.

ఇక పాతకాలపు ఆనవాళ్ళ మాట. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఎవరో ఒకరి కాపురం బయటపడుతుంది. శాంటాక్రూజ్ నది పక్కన ఒక వంతెన పనిలో, ముందుగా పరిశీలించాలన్న నియమం ఉండబట్టి పురావస్తువాళ్ళు తవ్వి చూస్తే, వరదమట్టి కింద పొలం, కాలవగట్లు, వాటి మీద అడుగుజాడలు కనిపించాయి. రెండున్నరవేల ఏళ్ళ కిందటివి. పెద్దవాళ్ళవి, పిల్లవాడివి, కుక్కవి కూడాను. 2016లో పత్రికల్లో వచ్చింది. పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళే తండ్రి వెంట పిల్లాడూ, పిల్లాడి వెంట కుక్కా. మన ఊరి పొలం గట్టున నేను చూడని దృశ్యమా అది! అచ్చులు తీసుకుని, తర్వాత పైన రోడ్డు వేశారు. ఆ నియమం లేకపోతే అచ్చులూ ఉండేవి కావు, మనకి తెలిసేదీ కాదు.

మారికోపాలో వినాయకుడి గుడికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు, దారి తప్పి కాదు, పట్టుబట్టి కాసాగ్రాండే శిథిలాల దగ్గర కారు ఆపించాను. హోహోకామ్ అనే పూర్వులు 1350 ప్రాంతంలో మట్టితో కట్టిన నాలుగంతస్తుల మేడ అది. అమెరికా ప్రభుత్వం ఒక ప్రాచీన శిథిలాన్ని కాపాడడానికి పూనుకున్నది మొట్టమొదట దీనికే, 1892లో. వానకి కరిగిపోకుండా 1932లో పైన పెద్ద గొడుగులా కప్పు వేశారు. మావారు చాలాసేపు దాన్ని చూసి, "మన అపార్టుమెంటు ముప్ఫయ్యేళ్ళకే పెచ్చులూడుతోంది" అన్నారు.

హైదరాబాదులో మేం చేసిందేమిటని మీరడగొచ్చు. రెండువందల యాభై కోట్ల ఏళ్ళ బండరాళ్ళు మా ఊరివి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉండేవి. మధ్యాహ్నం నడుం వాల్చేసరికి ఎక్కడో మందుపాతర పేలేది, అలమరలో గ్లాసులు గలగలలాడేవి, సాయంత్రానికి ఒక గుట్ట లేదు. వాటి కోసం 1996లో ఒక సంఘం కూడా వెలిసింది, కొన్నిటిని దక్కించింది. ఇక మాసాబ్ ట్యాంకులో ట్యాంకేదని అడిగిన మనవడికి నేనేం చెప్పను? టూసాన్ కాలనీల్లోనూ అంతే. వీధి పేరు గుడ్లగూబ వీధి, ఇంకో దాని పేరు ఐరన్‌వుడ్ సందు. పేర్లు చదువుకుంటూ పోతే అక్కడ ఎవరెవరు ఉండేవారో తెలిసిపోతుంది.

అలాగని ఇళ్ళు కట్టొద్దంటే ఎలా? పెరిగే పిల్లలకి గూడు కావద్దూ? తేడా అంతా ఎక్కడ కడతారు, ఎలా కడతారు అన్నదాంట్లోనే. ఫీనిక్సు వైపు రియోవెర్దే కొండవాలులో కొందరు ఒక ఉపాయం పన్నారు. భూమిని అయిదు ముక్కల లోపు పంచుకుంటే పెద్ద కాలనీలకుండే నిబంధనలు అంటవు. నూరేళ్ళకు సరిపడా నీళ్ళున్నాయని చూపించే పూచీ కూడా అక్కర్లేదు. అలా ముక్కలు చేస్తూ చేస్తూ వందల ఇళ్ళయ్యాయి. పక్క నగరం స్కాట్స్‌డేల్ నుంచి ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చుకునేవారు. కరువు ముదిరి 2023 జనవరి ఒకటిన ఆ నగరం ఇవ్వనంది. పెద్ద పెద్ద మేడల్లో ఉన్న ఇల్లాళ్ళు వాననీళ్ళు బకెట్లలో పట్టి మరుగుదొడ్లకి వాడుకున్నారు. ఆ వార్త మా అమ్మాయికి వినిపించాను. నీళ్ళ బిందెల క్యూలో పెరిగిన నాకు బకెట్టు కష్టమెంతో ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

"నువ్వేమంటావమ్మా, కొనొద్దంటావా?" అని సూటిగా అడిగింది ఆఖరికి.

"కొనేది మీరు, కట్టేది మీరు. నా గది కోసమైతే మాత్రం వద్దు. హాల్లో సోఫా నాకు బాగానే ఉంది" అన్నాను.

"నీ గది కోసమే కాదే" అని చాలాసేపు మాట్లాడలేదు. దాని కోపం నాకు తెలుసు, గిన్నెలు సర్దే చప్పుడులో వినిపిస్తుంది. రెండు రోజుల తర్వాత తనే ఒక్కతే వెళ్ళి ఆ కిటికీ ముందు నిలబడి వచ్చింది.

మేం తిరిగొచ్చిన నాలుగు నెలలకి ఊరి లోపలే, ఎప్పుడో 1970ల్లో కట్టిన ఒక పాత ఇల్లు కొన్నారు. మూడు గదులే. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటికి నడవాలి. పైగా పడమటి ముఖం. దానికి మా అల్లుడు నాతో వారంపాటు ఫోనులో పొడిపొడిగా మాట్లాడాడు. పెరట్లో పాలోవెర్దే చెట్టు కింద జానెడు సవారో ఒకటుందిట.

కొత్త కాలనీ రెండో విడత లేచింది. మా అమ్మాయి అటు వెళ్ళినప్పుడు ఫోటో పంపింది. వాగు ఒడ్డున కొన్ని చెట్లు ఉన్నచోటే ఉంచారు. ఐదు చేతుల సవారోలు రెండు మాత్రం గేటుకి చెరో పక్కా, కర్రలు ఆనించి, దీపాలు పెట్టి నాటారు. పచ్చగానే ఉన్నాయట. నాటి ఇంకా ఏడాదే అయింది.